403 గారికి చవితి చందా డబ్బు అప్పగించవచ్చా?

కాలనీ రావు · మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇది కొంచెం ఇంటి గొడవలాంటిదే. మా మీటింగులో తేలక ఇక్కడ పెడుతున్నాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పాత కోశాధికారి పిల్లల దగ్గరకు బెంగళూరు వెళ్ళిపోతున్నారు. ఆ పనికి ఒప్పుకున్నది ఒక్కరే, ఫ్లాట్ 403లో ఉండే రిటైర్డ్ ఇంజినీరు గారు. మనిషి నెమ్మది. నీళ్ళ మోటారు కాలిపోయినా, లిఫ్ట్ మధ్యలో ఆగినా ముందు కిందికి దిగేది ఆయనే. కాకపోతే దేవుణ్ణి నమ్మరు. గుమ్మానికి తోరణం ఉండదు, ఇంట్లో పటం ఉండదు. అడిగితే దాచరు, అడగకపోతే చెప్పరు.

చవితి దగ్గరకొస్తోంది. ఫ్లాటుకు 1,500 చొప్పున చందా, అంటే 72,000. మొన్న ఆదివారం మీటింగులో ఒక పెద్దావిడ లేచి, "దేవుడి భయం లేనివాడి చేతికి దేవుడి సొమ్ము ఎలా ఇస్తాం బాబూ?" అన్నారు. సగం మంది తలూపారు. 403 గారు అక్కడే ఉన్నారు. ఏమీ అనలేదు. మీటింగు అయ్యాక కుర్చీలన్నీ మడతపెట్టి, గదిలో సర్ది, తాళం నా చేతికిచ్చి వెళ్ళిపోయారు.

సెక్రటరీని కదా, ఏదో ఒకటి చెప్పాలి. "వచ్చే ఆదివారం చూద్దాం" అని తప్పించుకున్నాను. నేను రోజూ దీపం పెట్టుకునేవాణ్ణే. ఆవిడ మాట తప్పనీ అనిపించలేదు, ఒప్పనీ అనిపించలేదు. మీరేమంటారు?

సింహాద్రి భక్తుడు · మంగళవారం, రాత్రి 9:42

రావు గారూ, ఆవిడ అన్నదాంట్లో తప్పేముందండీ? చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను కిరాణా కొట్లో కూర్చోబెట్టి భోజనానికి వెళ్ళేవారు. గల్లాపెట్టె మీద సింహాచలం అప్పన్న స్వామి పటం ఉండేది. "నేను చూడకపోయినా ఆయన చూస్తుంటాడురా" అనేవారు. నాకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ చిల్లర ఎక్కువొస్తే వీధి చివరిదాకా వెళ్ళి ఇచ్చొస్తాను. ఆ పటం లేకపోతే ఇచ్చేవాణ్ణో లేదో నాకే తెలీదు.

పోలీసు లేని చోట, కెమెరా లేని చోట మనిషిని ఆపేది అదొక్కటే. భయం అనండి, భక్తి అనండి. అది తీసేస్తే మిగిలేది, పరలోకం లేదు కాబట్టి అప్పు చేసైనా నెయ్యి తాగమన్న చార్వాకమే.

హేతువు · మంగళవారం, రాత్రి 9:55

అంటే పటం లేకపోతే గల్లాపెట్టెలో చెయ్యి పెట్టేవారన్నమాట. ఒప్పుకున్నందుకు థాంక్స్.

దేవుడు చూస్తున్నాడని నమ్మేవాళ్ళే కదా గుడికి వచ్చేది? మరి హుండీకి తాళాలెందుకు, సీలెందుకు, లెక్కపెట్టేటప్పుడు వీడియో ఎందుకు? ఆసీల్‌మెట్టలో సంపత్ వినాయగర్ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించుకున్న కొత్త బండే వంద గజాలు పోగానే రెడ్ సిగ్నల్ దాటేస్తుంది. దేవుడు చూస్తాడు, చలానా మాత్రం రాయడు.

బీచ్‌రోడ్ చిన్నోడు · మంగళవారం, రాత్రి 9:58

హుండీ తాళాల పాయింట్ మాత్రం అదిరింది.

పాతపోస్టాఫీసు · మంగళవారం, రాత్రి 10:30

వన్‌టౌన్‌లో మాది హార్డ్‌వేర్ కొట్టు, తాతగారి కాలం నుంచి. అరువు లేకుండా ఈ వ్యాపారం నడవదు. ఐదు పూటలా నమాజు చేసేవాళ్ళకీ ఇచ్చాను, మాల వేసుకున్నవాళ్ళకీ ఇచ్చాను, ఆదివారం చర్చి మానని వాళ్ళకీ ఇచ్చాను. ఎగ్గొట్టినవాళ్ళు మూడింటిలోనూ ఉన్నారు. మా ఖాతా పుస్తకంలో మతం గడి లేదండీ. పేరు, ఫోను నంబరు, పోయినసారి ఎన్నాళ్ళకు కట్టాడు, అంతే.

అలాగని సింహాద్రి గారిని ఎగతాళి చెయ్యను. ఏడాదిపాటు నిలిచిన సొమ్ము మీద జకాత్ కడతాం, నూటికి రెండున్నర. ఆ లెక్క నేనే వేసుకుంటాను. మా ఆవిడ కూడా చూడదు. వెయ్యి తగ్గించి రాసుకున్నా అడిగే దిక్కు లేదు. తగ్గించను, ఎందుకంటే అడిగేవాడు ఉన్నాడని నాకు గట్టి నమ్మకం. అది నా సంగతి. 403 గారి సంగతి ఆయన పాత బాకీల్లో చూడాలి.

తర్కం మాస్టారు · బుధవారం, ఉదయం 6:15

ముప్పై ఏళ్ళు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన రోగం నాది. మాటకు అర్థం తేల్చుకోకుండా అడుగు ముందుకు పడదు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు కాఫీ తాగిరండి.

నాస్తికుడంటే దేవుడు లేడనేవాడని ఇవాళ అనుకుంటున్నాం. పాత లెక్క వేరు. "నాస్తికో వేదనిందకః" అంది మనుస్మృతి. అంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు నాస్తికుడు. నిరీశ్వర సాంఖ్యులకు సృష్టికర్తతో పని లేదు. పూర్వమీమాంసకులకూ లేదు. యజ్ఞం సరిగ్గా చేస్తే ఫలం దానంతటదే వస్తుందంటారు. అయినా ఇద్దరూ ఆస్తికులే, వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి. మన తొట్లకొండ మీద, బావికొండ మీద విహారాల్లో ఉన్న బౌద్ధ భిక్షువులు మాత్రం నాస్తికుల జాబితాలోకి పోతారు. వాళ్ళ పంచశీలలో రెండోది, ఇవ్వనిదాన్ని తీసుకోకూడదని. మన కోశాధికారికి కావలసింది అదే కదా?

నెయ్యి మాట కూడా చెప్పేస్తాను. "ఋణం కృత్వా ఘృతం పిబేత్" అన్నది మనకు చార్వాకుల సొంత గ్రంథంలో దొరకలేదు. వాళ్ళ మూలసూత్రాలు మిగల్లేదు. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం అనే గ్రంథంలో, వాళ్ళ వాదాన్ని పక్కకు నెట్టడానికి చెప్పిన చోట ఆ మాట ఉంది. ఎదుటి పార్టీ కరపత్రం చదివి అభ్యర్థి ఎలాంటివాడో తేల్చేస్తే ఎలా?

ఇక అసలు ముడి. సుమారు 2,400 ఏళ్ళ క్రితం ప్లేటో రాసిన సంభాషణ ఒకటుంది. కన్నతండ్రి మీదే కేసు పెట్టడానికి వచ్చిన యూథిఫ్రోను న్యాయస్థానం దగ్గర సోక్రటీసు పట్టుకుంటాడు. ఒక పని దేవతలు మెచ్చారు కాబట్టి మంచిదైందా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా? మొదటిదే నిజమైతే, రేపు దొంగతనాన్ని మెచ్చుకుంటే అదే మంచి. రెండోది నిజమైతే, మంచి అనేది వాళ్ళ మెప్పుకు ముందే ఉంది, దాన్ని 403 గారు కూడా సొంత కళ్ళతో చూడగలరు. దేవుడి స్వభావమే మంచి, రెంటినీ విడదీయకూడదు అని సింహాద్రి గారు జవాబు చెప్పవచ్చు. అది తీసిపారేసే జవాబు కాదు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఆ దగ్గర నేనే కాసేపు ఆగిపోయేవాణ్ణి.

పాతపోస్టాఫీసు · బుధవారం, ఉదయం 7:02

వేదం ఒప్పుకోకపోతే నాస్తికుడంటే నేనూ 403 గారి బ్యాచే కదా మాస్టారూ! మా ఇంట్లో ఈ ముక్క చెప్పకండి.

కాలనీ రావు · బుధవారం, ఉదయం 8:20

ఒకటి దాచాను, చెప్పడం న్యాయం. పోయినేడాది చవితి డబ్బు చూసినాయన మహా భక్తులు. దీక్ష తప్పరు, ఉల్లి ముట్టరు. ఆయన లెక్క మాకు నేటికీ పూర్తిగా రాలేదు. పాత డైరీలో రెండు పేజీలు, కొన్ని చీటీలు ఇచ్చారు. కూడితే 11,400 తేడా. లడ్డూ వేలం పాటలో 21,000కి పాడినాయన "రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. ఇంకా రాసే ఉంది.

ఆయన తిన్నారని నేననను. చేతికొచ్చినట్టు ఖర్చు పెట్టేసి మర్చిపోయారంతే. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అంత నిష్ఠగా ఉండే మనిషిని లెక్క అడిగితే పాపమేమో అన్నట్టు ఊరుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, 403 గారి మీద ఒక్క అనుమానానికి అంత పెద్ద మీటింగు పెట్టినవాళ్ళం, అప్పుడు ఐదు నిమిషాలు కూడా కూర్చోలేదు.

మేరీ సిస్టర్ · బుధవారం, మధ్యాహ్నం 3:40

నైట్ డ్యూటీ దిగి పడుకుని లేచి చదువుతున్నాను. నేను నర్సుని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. డ్యూటీ ఎక్కేముందు ప్రార్థన చేసుకోకుండా వార్డులో కాలు పెట్టను.

మా దగ్గర మార్ఫిన్ ఉండే బీరువా ఒకటి ఉంటుంది. అందులోంచి ఒక్క ఆంప్యూల్ తియ్యాలంటే రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలు ఉండాలి. రోగి పేరు, టైము, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలితే పారబోశాం, అన్నీ రాయాలి. పారబోసేటప్పుడు రెండో నర్సు పక్కన నిలబడి చూడాలి. ఖాళీ ఆంప్యూల్ కూడా లెక్కకు చూపించాలి. తెల్లవారుజామున మూడింటికి ఆ రెండో సంతకం కోసం పక్క వార్డుకు పరిగెత్తుతుంటే ప్రాణం విసిగిపోతుంది. అయినా "సిస్టర్ ప్రార్థన చేసే మనిషి కదా, ఒక సంతకం చాలు" అని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా.

ఇది ఒక పక్క. రెండో పక్క కూడా వినండి. ఎవరూ చూడడానికి రాని ముసలాయన మంచం మీద ఉంటాడు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకుండా తిప్పినట్టు రాసేస్తే ఏ రిజిస్టరూ నన్ను పట్టుకోదు. ఆ గంటలో నన్ను లేపేది మత్తయి సువార్త 25వ అధ్యాయం. ఈ అల్పులలో ఒకరికి చేసింది నాకు చేసినట్టే అన్నాడాయన. హేతువు గారూ, మీ హుండీ తాళం బీరువాకి సరిపోతుంది. ముసలాయన వీపుకి ఏ తాళం వేస్తారు?

హేతువు · బుధవారం, సాయంత్రం 5:15

సిస్టర్, మీ పని మీద నాకు గౌరవమే. కానీ మీతో పాటు చేసే వాళ్ళలో ప్రార్థన చెయ్యనివాళ్ళు ఆ ముసలాయన్ని తిప్పరా?

మేరీ సిస్టర్ · బుధవారం, సాయంత్రం 5:31

తిప్పుతారు. ఒకమ్మాయి నాకన్నా బాగా తిప్పుతుంది, పాట పాడుతూ. ఆ అమ్మాయిని లేపేది ఏమిటో నాకు తెలీదు. నన్ను లేపేది ఏమిటో చెప్పానంతే.

సింహాద్రి భక్తుడు · బుధవారం, రాత్రి 8:05

ఆ అమ్మాయి సంగతి నేను చెప్తాను. నాలుగు తరాల పాటు దయ, దానం, పాపం, పుణ్యం అని వింటూ పెరిగిన ఇంట్లో పుట్టింది. 403 గారూ అంతే. వాళ్ళ తాతలు వేసిన డిపాజిట్ మీద వడ్డీ తింటున్నారు. అసలు తీసేసి చూడండి, మనవల కాలానికి వడ్డీ ఎక్కడినుంచి వస్తుందో.

బీచ్‌రోడ్ చిన్నోడు · బుధవారం, రాత్రి 8:20

బాబాయ్ గారూ, మరి కోతులకు డిపాజిట్ ఎవరు వేశారు? 2003లో వచ్చిన పరిశోధన ఒకటుంది, సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ చేసింది. కాపుచిన్ కోతులు చేసిన పనికి కూలీగా దోసకాయ ముక్క ఇస్తే బాగానే తీసుకున్నాయి. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇవ్వడం చూశాక, చాలాసార్లు దోసకాయ వద్దని మొరాయించాయి. న్యాయం అనే దురద మతం కన్నా పాతదని నాకనిపిస్తోంది. నేను మాత్రం ఏ పార్టీ కాదు. దేవుడున్నాడా అంటే తెలీదు అనేవాణ్ణి.

సింహాద్రి భక్తుడు · బుధవారం, రాత్రి 8:26

కోతులకా? మా ఆంజనేయస్వామి వేశాడు బాబూ.

తర్కం మాస్టారు · బుధవారం, రాత్రి 8:40

ఈ రౌండు సింహాద్రి గారిదే. అయినా చిన్నోడికి ఒక మాట. తనకు తక్కువొస్తే కోప్పడడం వేరు, పక్కవాడికి తక్కువొస్తే కోప్పడడం వేరు. మొదటిది కోతిలో కనిపిస్తోంది. రెండోది ఎక్కడినుంచి వచ్చిందన్నదే మన గొడవ.

కాలనీ రావు · గురువారం, ఉదయం 9:00

కొత్త మలుపు. పెద్దావిడ రాజీకి వచ్చారు. 403 గారు వినాయకుడి పటం మీద చెయ్యి వేసి "ఈ సొమ్ములో పైసా ముట్టను" అని ప్రమాణం చేస్తే ఆవిడకు అభ్యంతరం లేదట. కమిటీలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆయనతో ఈ మాట చెప్పే పని నా నెత్తిన పడింది. రాత్రి నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్.

హేతువు · గురువారం, ఉదయం 9:25

చెప్పకండి. అది అవమానం. మన రాజ్యాంగమే ఎవరినీ అలా అడగదు. మూడో షెడ్యూలు చూడండి. మంత్రి అయినా, ఎంపీ అయినా దైవసాక్షిగా అనొచ్చు, లేదా ఆత్మసాక్షిగా అనొచ్చు. రెంటికీ ఒకటే విలువ. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు పీఠిక దేవుడి పేరుతో మొదలవ్వాలని సవరణ పెట్టారు. ఓటింగు జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఓడిపోయింది. కాదన్న 68 మందీ నాస్తికులేమీ కాదు.

తర్కం మాస్టారు · గురువారం, ఉదయం 10:10

హేతువు గారు ఈసారి మంచి రాయి విసిరారు. నిజమే, ఆ రోజు వద్దన్నవాళ్ళలో మంచి భక్తులున్నారు. దేవుణ్ణి ఓటుకు పెట్టడమే వాళ్ళకు నచ్చలేదు.

ప్రమాణం మాట వచ్చింది కాబట్టి గోరా గారిని తలుచుకోవాలి. గోపరాజు రామచంద్రరావు, కాకినాడ పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తూ నాస్తిక భావాల వల్ల 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. ఆయన గాంధీగారితో దేవుడి గురించి ముఖాముఖి వాదించారు. ఇద్దరూ మారలేదు. కానీ గోరా తన పెద్దమ్మాయికి ఒక దళిత యువకుడితో పెళ్ళి తలపెడితే, సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానన్నారు గాంధీగారు. మంత్రంలో దేవుడి పేరు ఉంటుంది కదా? దాని బదులు సత్యం పేరున జరిపిద్దామని ఆయనే ఒప్పుకున్నారు. పెళ్ళి నాటికి గాంధీగారు లేరు. 1948లో ఆ ఆశ్రమంలోనే జరిగింది.

రోజూ సాయంత్రం రామధున్ (రాముడి భజన) పాడించిన మనిషి ఎదుటివాడి నోట్లో రాముడి పేరు బలవంతంగా పెట్టలేదు. రావు గారూ, మీ రాజీకి ఇదే నా సలహా.

ధర్మజ్యోతి · గురువారం, రాత్రి 11:48

ఇలాంటివాళ్ళను నెత్తికెక్కించుకున్నందుకే మన ఊరికి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఇంకా బుద్ధి రాలేదు.

పాతపోస్టాఫీసు · శుక్రవారం, ఉదయం 6:50

అయ్యా ధర్మజ్యోతి గారూ. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా కొట్టు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. హార్బర్ పక్కన మూడు కొండలు చూసే ఉంటారు. ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా. గాలి మూడింటినీ కొట్టింది. నాస్తికుల కోసం వచ్చినదైతే అడ్రస్ చాలా తప్పింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. పాల ప్యాకెట్ కోసం క్యూలో నిలబడితే ముందున్నాయన రెండు దొరికితే ఒకటి నా చేతిలో పెట్టాడు, మా ఇంట్లో చంటిపిల్ల ఉందని విని. ఆయన ఎవరో, ఏ దేవుణ్ణి మొక్కుతాడో నేటికీ తెలీదు.

తర్కం మాస్టారు · శుక్రవారం, ఉదయం 7:30

దీనికి పాత కథ ఉంది. 1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. అంటరానితనం పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు గాంధీగారు. ఆ పాపం మీద పోరాటంలో ఆయన పక్కనే ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా కాదన్నారు. భూమి కదలడానికి భౌతిక కారణాలుంటాయి, నీతికీ దానికీ ముడిపెడితే జనంలో ఆలోచన చచ్చిపోతుందన్నది ఆయన వాదం. గాంధీగారు ఆ అసమ్మతిని తన హరిజన్ పత్రికలోనే అచ్చు వేసి జవాబు రాశారు. నిన్న గాంధీగారిని ఆకాశానికెత్తాను కదా, ఇవాళ ఠాగూర్ పక్కన కూర్చుంటున్నాను.

హేతువు · శుక్రవారం, ఉదయం 8:15

అదే నేను అనేది. పిల్లి ఎదురొచ్చినా దేవుడే, తుఫాను వచ్చినా దేవుడే. తద్దినాలు, పిండాలు, పదో రోజులు. చచ్చినవాడు కాకి రూపంలో వచ్చి అన్నం తింటాడని చదువుకున్నవాళ్ళు మేడ మీద ఎదురుచూస్తారు. ఇలాంటి తెలివితక్కువతనానికి గౌరవం ఇవ్వమంటే నావల్ల కాదు.

లలిత, సీతమ్మధార · శుక్రవారం, మధ్యాహ్నం 2:05

నేను మామూలుగా చదివి వెళ్ళిపోతాను. ఇవాళ ఆగలేకపోయాను.

మా నాన్న మీకన్నా గట్టి నాస్తికుడు. పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం ముందు కళ్ళు ఇచ్చాం. ఆరు గంటల లోపు తీసుకోవాలంటే డాక్టర్లు వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి ఉంచాం. తర్వాత శరీరం మెడికల్ కాలేజీకి ఇచ్చాం. వ్యాన్ గేటు దాటిపోయింది. అంతే. స్నానం లేదు, పాడె లేదు, నిప్పు లేదు. అమ్మ వాకిట్లో నిలబడి, "ఇప్పుడేం చెయ్యాలే?" అంది. ఏం చెయ్యాలో నాకూ తెలీదు. ఏదో ఒకటి చెయ్యాలని చేతులు కొట్టుకుంటాయి చూడండి, ఆ క్షణంలో పనికొచ్చేది మా నాన్న అల్మారా నిండా ఉన్న పుస్తకాల్లో ఒక్కటీ లేదు.

దానపత్రం కాగితాల వెనక ఆయన చేతిరాత ఉంది. "మీ అమ్మ ఏం చేసుకుంటానన్నా అడ్డం చెప్పకండి. అది నా కోసం కాదు, తన కోసం." పదో రోజు అమ్మ నాన్న కళ్ళజోడు డబ్బా పీట మీద పెట్టి, దాని ముందు అన్నం పెట్టింది. మేడ మీదకు కాకి వచ్చిందా లేదా అని నేను కూడా చూశాను, హేతువు గారూ. వచ్చింది. ఆత్మ వచ్చిందని నేననుకోలేదు. కానీ అమ్మ ఆ రోజే సరిగ్గా అన్నం తింది.

మా నాన్న మీలాగే వాదించేవాడు. అమ్మను మాత్రం ఒక్కసారీ తెలివితక్కువది అనలేదు.

హేతువు · శుక్రవారం, మధ్యాహ్నం 3:30

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాదన మాత్రం కాదు.

ధర్మజ్యోతి · శుక్రవారం, సాయంత్రం 4:10

స్టాలిన్ నాస్తికుడే కదా. ఎన్ని లక్షల మందిని చంపాడు?

హేతువు · శుక్రవారం, సాయంత్రం 4:12

మతయుద్ధాల లెక్క మొదలుపెట్టమంటారా?

నిర్వాహకులు · శుక్రవారం, సాయంత్రం 4:20

వద్దు. శవాల లెక్క ఎప్పుడు మొదలైనా ఈ వేదికలో పది పేజీలు పోతుంది, ఒక్కరూ మారరు. దాని మీద వచ్చే పోస్టులు తీసేస్తాం. రావు గారి చందా సంగతికి రండి.

కాలనీ రావు · శనివారం, ఉదయం 7:15

నిన్న రాత్రి ప్రమాణం మాట చెప్పడానికి నాలుగో అంతస్తు ఎక్కాను. బెల్ కొట్టబోయి ఆగాను. ఎందుకో పోయినేడాది గిరి ప్రదక్షిణ గుర్తొచ్చింది.

తెలియనివాళ్ళకు చెప్తాను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్ మీదుగా మా కాలనీ డబుల్ రోడ్డులోకి వస్తుంది. లక్షల్లో జనం. దారి పొడవునా నీళ్ళు, మజ్జిగ, అరటిపళ్ళు ఇస్తుంటారు. నేను అక్కడికి చేరేసరికి రాత్రి రెండైంది, పాదాలు బొబ్బలు. ఒక టెంటు దగ్గర డ్రమ్ము ముందు వంగి, లోటాతో మజ్జిగ పోస్తున్నది ఎవరా అని చూస్తే మన 403 గారు! చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా మజ్జిగ. "మీరేంటి సార్ ఇక్కడ?" అన్నాను. "పులిసిపోతోంది, ముందు తాగండి" అన్నారు. తాగాను. ఇంకో గ్లాసు పోశారు. పక్కనున్న ముసలామె ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే రెండడుగులు వెనక్కి గెంతారు, డ్రమ్ము ఒలికిపోయేదే.

బెల్ కొట్టకుండా దిగొచ్చేశాను.

సింహాద్రి భక్తుడు · శనివారం, ఉదయం 7:50

అప్పన్న భక్తులకు అర్ధరాత్రి మజ్జిగ పోసినవాణ్ణి అప్పన్న చూసుకుంటాడు, వాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. నా సిద్ధాంతం మార్చుకోను. కానీ రావు గారూ, ఆయనతో ప్రమాణం చేయించొద్దు.

ఫ్లాట్ 403 · శనివారం, రాత్రి 9:30

మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నా గురించి ఇంతమంది ఇంత రాస్తారని తెలిస్తే ఆ రోజు కుర్చీలు ఇంకాస్త నెమ్మదిగా మడతపెట్టేవాణ్ణి.

పటం మీద చెయ్యి వెయ్యడం నాకు కష్టం కాదు. చెయ్యేమీ కాలదు. కానీ నేను నమ్మనిదాని మీద ప్రమాణం చేస్తే అది దొంగ ప్రమాణం అవుతుంది. డబ్బు పని అబద్ధంతో మొదలుపెట్టమంటారా?

నన్ను నమ్మొద్దు. నా తర్వాత వచ్చేవాళ్ళనూ నమ్మొద్దు. సిస్టర్ గారి రిజిస్టరే మంచిది. బ్యాంకులో ఇద్దరి సంతకాల ఖాతా తెరుద్దాం. రెండో సంతకం, మీటింగులో నన్ను అడిగారు చూడండి, ఆ అమ్మగారు పెట్టాలి. అంత మందిలో ఎదురుగా అడిగే ధైర్యం ఉన్న మనిషి ఆవిడే. ఏ రోజు ఖర్చు ఆ రాత్రే లిఫ్ట్ పక్కన అతికిస్తాను. హారతి టైములో నేను జనరేటర్ దగ్గర ఉంటాను, నన్ను పిలవొద్దు. అంతకు మించి షరతులు లేవు.

హేతువు గారూ, నా తరఫున ఎవర్నీ తిట్టకండి. నేనెందుకు నమ్మనో ఇక్కడ రాయను, దానికీ చందాకీ సంబంధం లేదు.

పాతపోస్టాఫీసు · శనివారం, రాత్రి 9:52

మా ప్రవక్త దగ్గరకు ఒకాయన వచ్చి, ఒంటెను కట్టెయ్యాలా, వదిలేసి అల్లాహ్ మీద భారం వెయ్యాలా అని అడిగితే, కట్టేసి భారం వెయ్యమన్నారు. 403 గారు కట్టెయ్యడం వరకు చేస్తానంటున్నారు. మిగతా సగం అమ్మగారు చూసుకుంటారు.

కాలనీ రావు · నిమజ్జనం తర్వాత, సోమవారం, రాత్రి 8:45

చాలామంది అడిగారని మళ్ళీ రాస్తున్నాను. ఆదివారం మీటింగులో ఆయన చెప్పినట్టే ఒప్పుకున్నారు. పెద్దావిడ మొదట "నాకెందుకు బాబూ ఈ బ్యాంకులు" అన్నారు గానీ, చెక్కు పుస్తకం వచ్చాక బీరువాలో పెట్టి తాళం కొంగుకు కట్టుకున్నారు. కొబ్బరికాయలకు కూడా రసీదు లేనిదే సంతకం పెట్టలేదు. ఒకరోజు అరటి పిలకలవాడితో రసీదు రాయించడానికి అరగంట పట్టింది. వాడు "ఏటమ్మా, పిలకలకి కూడా కాగితమేటి?" అని ఒకటే నవ్వు.

లిఫ్ట్ పక్కన ఆఖరి కాగితం ఇలా ఉంది. మట్టి విగ్రహం 6,500. పందిరి, లైట్లు 14,000. పంతులు గారి సంభావన 5,116. పత్రి, పూలు, పిలకలు 3,240. ప్రసాదాల సరుకులు 18,760. ఆఖరి రోజు భోజనాలు 21,500. నిమజ్జనం వ్యాన్ 2,500. మొత్తం 71,616. మిగలవలసింది 384. చేతిలో ఉన్నది 372. కింద ఆయన రాత: "తేడా 12. మూడుసార్లు వెతికాను, దొరకలేదు. నా జేబులోంచి వేశాను."

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని అది రెండుసార్లు చదివారు. "సంతకం ఇద్దరిదైతే తేడా ఆయనొక్కడిదే ఎలా అవుతుంది?" అని చిన్న పర్సులోంచి ఆరు రూపాయలు తీసి నా చేతిలో పెట్టారు. నాలుగో అంతస్తుకు వెళ్ళి ఇచ్చొచ్చాను. తీసుకున్నారు. కాగితం మీద 12 కొట్టేసి 6, 6 అని రాశారు.

సింహాద్రి భక్తుడు · సోమవారం, రాత్రి 9:05

లడ్డూ పాట సంగతేమిటి?

కాలనీ రావు · సోమవారం, రాత్రి 9:11

పాడాలనుకున్నవాళ్ళు ముందు 5,000 కట్టాలన్నారు 403 గారు. పాడినవాళ్ళు ముగ్గురే. 9,000 దగ్గర ఆగింది, డబ్బు ఆ రాత్రే ఖాతాలో పడింది. పోయినేడాది 21,000 ఇంకా రాసే ఉంది.

బీచ్‌రోడ్ చిన్నోడు · సోమవారం, రాత్రి 9:14

అన్నీ సరే, 403 గారు ఉండ్రాళ్ళు తిన్నారా లేదా?

కాలనీ రావు · సోమవారం, రాత్రి 9:20

జనరేటర్ దగ్గరకే పట్టుకెళ్ళి ఇచ్చాను. నాలుగు తిన్నారు. ఉప్పు తక్కువైందన్నారు.